బండి బరువంతా మీద ఉన్నా జాకీ మర వెనక్కి ఎందుకు తిరగదు?

ప్రశ్నార్థకం అడిగారు:

టైరు మార్చిన ప్రతిసారీ నన్ను వేధించే సందేహం ఇది. నా కారు డిక్కీలో ఉన్నది కత్తెర జాకీ. నాలుగు చేతులు సమచతుర్భుజంలా మడతపడుతూ తెరుచుకుంటూ ఉంటాయి, మధ్యలో అడ్డంగా పొడవాటి మర ఉంటుంది. హ్యాండిల్‌తో ఆ మరను తిప్పుతూ బండిని లేపుతాను. సగంలో హ్యాండిల్ వదిలేసి స్పానర్ కోసం వెతుక్కుంటాను. బండి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ జాకీని తిరగేసి మరగేసి చూశాను. పళ్ల చక్రం లేదు, అడ్డుపడే కొక్కెం లేదు, దూర్చే పిన్ను లేదు. ఉన్నదల్లా ఒక మర, ఒక నట్టు.

నా తర్కం ఇది. మరను తిప్పితే బండి లేస్తోంది కాబట్టి, బండి కిందికి నొక్కితే మర వెనక్కి తిరగాలి. ఎవరిని అడిగినా "ఘర్షణ" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటున్నారు. సరే, ఘర్షణే అనుకుందాం. ఘర్షణకు ఒక హద్దు ఉంటుంది కదా? ఎంత బరువు పెడితే ఆ హద్దు దాటి మర జారుతుంది?

ఇంకో రెండు అనుమానాలు. దించేటప్పుడు హ్యాండిల్ చాలా తేలిగ్గా తిరుగుతుంది. అంటే మర జారడానికి సిద్ధంగానే ఉందని, మనం కాస్త తోడ్పడుతున్నామని అర్థమా? పైగా మరకు అప్పుడప్పుడు గ్రీజు రాయమని జాకీతో వచ్చిన కాగితంలో ఉంది. పట్టంతా ఘర్షణదే అయితే, దానికి గ్రీజు రాయమనడం ఏం న్యాయం?

నట్‌బోల్టు:

యాంత్రిక లాభం చాలా ఎక్కువ కావడమే కారణం. హ్యాండిల్ చాలా దూరం తిరిగితే బండి కొంచెమే లేస్తుంది. అదే లెక్కను తిరగేస్తే, బండి బరువు హ్యాండిల్ దగ్గరకు వచ్చేసరికి చాలా చిన్న బలంగా మారిపోతుంది. ఆ కాస్త బలం మరను తిప్పలేదు.

పాతలేతు:

నట్‌బోల్టు గారి జవాబు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. యాంత్రిక లాభం ఎక్కువైతే వెనక్కి తిప్పే బలం చిన్నది అవుతుంది, నిజమే. చిన్నది అవుతుందే తప్ప సున్నా కాదు. ఘర్షణ అనేదే లేకపోతే ఎంత సన్నని మర అయినా, ఎంత తక్కువ బరువుకైనా గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఆ చిన్న బలాన్ని ఆపుతున్నది ఏది, ఎంత బరువు దాకా ఆపగలదు అన్నదే అసలు ప్రశ్న. ప్రశ్న వేసినవారు సరైన చోటే పట్టుకున్నారు.

నేను ఉద్యోగమంతా లేత్ మీద మరలు కోస్తూ గడిపాను. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ముందు చేయించే పని ఒకటుంది. లంబకోణ త్రిభుజంలా కాగితం కత్తిరించి, దాన్ని పెన్సిలుకు చుట్టమంటాను. త్రిభుజం ఏటవాలు అంచు పెన్సిలు చుట్టూ మరలాగా ఎక్కుతుంది. చుట్టు విప్పితే మళ్లీ మామూలు వాలు తలమే. మరలో రహస్యం అంతకంటే ఏమీ లేదు. నట్టు ఆ వాలు మీద కూర్చున్న దిమ్మ. మీరు హ్యాండిల్ తిప్పడమంటే ఆ దిమ్మను వాలు మీదకు అడ్డంగా నెట్టడం. హ్యాండిల్ వదిలేశాక బండి బరువు ఆ దిమ్మను వాలు కిందికి లాగుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. వాలు మీద దిమ్మను కిందికి లాగేది దాని బరువులో ఒక భాగం. దిమ్మను ఆపగల ఘర్షణ కూడా, అది వాలును ఎంత గట్టిగా నొక్కుతుందో దాన్ని బట్టి వస్తుంది. అంటే ఆ ఘర్షణా బరువులో భాగమే. బరువు రెట్టింపు చేయండి, లాగే బలం రెట్టింపవుతుంది, ఆపే బలమూ రెట్టింపవుతుంది. రెండువైపులా బరువు కొట్టుకుపోయి, చివరికి కోణం ఒక్కటే మిగులుతుంది. ఘర్షణ నొక్కుడుకు అనుపాతంలో ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ 1699లోనే చెప్పాడు. జాకీ బతుకుతున్నది ఆ ఒక్క నియమం మీద.

కాబట్టి ఎంత బరువుకు జారుతుందంటే, ఏ బరువుకూ జారదు. బరువు మితిమీరితే మర వంగవచ్చు, నట్టు లోపలి మరలు ఊడిపోవచ్చు, కింద నేల కుంగి జాకీ పక్కకు ఒరగవచ్చు. అవన్నీ వేరే చావులు. సరిగ్గా కోసిన మర మాత్రం బరువు ఎక్కువైందని వెనక్కి తిరగదు.

మాటలతో సరిపెడితే నాకు తృప్తి ఉండదు, లెక్క చూద్దాం. వర్క్‌షాపుల్లో మామూలుగా దొరికే ట్రపిజాయిడల్ మర తీసుకుందాం. బయటి వ్యాసం 24 మి.మీ., పిచ్ (ఒక మర గాడి నుంచి పక్క గాడికి దూరం) 5 మి.మీ. మర లోతులో మధ్యన వ్యాసం 21.5 మి.మీ. వస్తుంది, దాని చుట్టుకొలత దాదాపు 67.5 మి.మీ. ఒక చుట్టు తిరిగితే 67.5 నడిచి 5 ఎక్కినట్టు. వాలు 0.074, కోణంలో చెబితే 4.2 డిగ్రీలు. ఉక్కు మీద ఉక్కు, కాస్త నూనె, ఘర్షణ గుణకం (నొక్కే బలంలో ఎన్నో వంతు ఘర్షణగా వస్తుందో ఆ అంకె) 0.15 అనుకోండి. మర పక్కలు నిటారుగా కాకుండా 15 డిగ్రీలు వాలి ఉంటాయి కాబట్టి నట్టు వాటి మధ్య సందులో కొట్టిన చీలలా కొంచెం దిగబడుతుంది, గుణకం 0.155 అయినట్టు పనిచేస్తుంది. ఘర్షణ కోణం, అంటే దిమ్మ జారడం మొదలుపెట్టే వాలు, 8.8 డిగ్రీలు. వాలేమో 4.2. దిమ్మ జారాలంటే వాలు ఇంకా రెండింతలకు పైగా నిటారు కావాలి.

దీని మీద 10,000 న్యూటన్ల బరువు, అంటే సుమారు ఒక టన్ను పెట్టి, పావు మీటరు పొడవు హ్యాండిల్‌తో తిప్పుదాం. ఘర్షణే లేకపోతే బరువు లేపడానికి హ్యాండిల్ చివర 32 న్యూటన్లు చాలు. కానీ ఆ 32 వదలకుండా పట్టుకునే ఉండాలి, వదిలితే బరువు కిందికి వస్తుంది. ఘర్షణతో కలిపి లేపడానికి 100 న్యూటన్లు కావాలి. అదనంగా పడుతున్న ఆ 68 దాకా ఘర్షణ వాటా. ఇప్పుడు దించడం చూడండి. బరువు 32తో కిందికి తిప్పాలని చూస్తుంది, ఘర్షణ 67 దాకా అడ్డుపడగలదు. ఇంకా 35 తక్కువ. ఆ 35ను మీరు హ్యాండిల్ మీద ఇవ్వాలి.

దించేటప్పుడు తేలికగా ఉంటుందన్నది 100తో పోల్చుకోవడం వల్ల. నిజానికి దించేటప్పుడు కూడా మీరు ఘర్షణతో పోరాడుతూనే ఉన్నారు, బరువు మీ పక్షాన చేరిందంతే. హ్యాండిల్‌ను ఏ క్షణం వదిలినా ఆగుతుంది. దించేటప్పుడు సగంలో వదిలి చూడండి, అక్కడే నిలుస్తుంది.

ఈ అంకెల్లోనే ఇంకో సంగతి దాగి ఉంది. మర తనంతట తాను నిలవాలంటే ఘర్షణ వాటా బరువు వాటాను మించి ఉండాలి. లేపేటప్పుడు మీరు ఇచ్చేది ఆ రెండింటి మొత్తం. అంటే మీ శ్రమలో బండిని లేపడానికి పోయేది ఎప్పుడూ సగం కంటే తక్కువే. పై మరలో అది నూటికి 32 వంతులు. మిగిలిన 68 వంతులు మరను వేడెక్కించి పోతాయి. జాకీ తిప్పుతూ చెమటలు కక్కుతూ "ఎంత చెత్త డిజైను" అని తిట్టుకునేవాళ్లను చూశాను. దక్షత సగం దాటిన మర చేతికి తేలిగ్గా ఉంటుంది, వదిలితే బండిని కింద పడేస్తుంది. రెండూ కావాలంటే కుదరదు. పట్టు విడిగా ఇంకో భాగానికి అప్పగించాలి.

గ్రీజు సంగతి. నూనె లేని ఉక్కు మరలకు గుణకం సుమారు 0.15 నుంచి 0.25, మెషిన్ ఆయిల్ ఉంటే 0.11 నుంచి 0.17 అని డిజైను పట్టికల్లో ఉంటుంది. అతి తక్కువైన 0.11 వేసుకున్నా మన వాలు 0.074 దానికి దిగువనే ఉంది. మర కోసేవాడు నూనె ఉంటుందన్న లెక్కతోనే కోస్తాడు. రాయకపోతే ఏమవుతుందంటే, ఉక్కు ఉక్కును రాసుకుని గీరుకుపోతుంది, పొడి రాలుతుంది, నట్టు మరలు పలుచబడతాయి. అదే అసలు ప్రమాదం. నిరభ్యంతరంగా రాయండి. జారుడు కోసం ప్రత్యేకంగా చేసిన పూతల జోలికి మాత్రం, తయారీదారు చెబితే తప్ప వెళ్లకండి.

ప్రశ్నార్థకం:

పాతలేతు గారూ, బరువు రెండువైపులా కొట్టుకుపోతుందన్న మాటతో చిక్కుముడి విడిపోయింది. వెంటనే నా జాకీ మర కొలిచాను. బయట 14 మి.మీ., పిచ్ 3. మధ్య వ్యాసం 12.5 వేసుకుంటే వాలు 0.076 వచ్చింది. మీ పెద్ద మరకు దాదాపు సమానం!

కానీ కత్తెర జాకీలో మర అడ్డంగా ఉంటుంది కదా. బండి బరువు దాని మీద నేరుగా పడదు. అక్కడా ఇదే లెక్కా? మొదట్లో, జాకీ బాగా కిందికి ఉన్నప్పుడు తిప్పడం ఎందుకంత కష్టం? ఇంకొకటి, ఘర్షణ అంత నమ్మకమైనదైతే, యంత్రాల్లో బిగించిన నట్లు అదురుకు ఎందుకు వదులవుతాయి? వాటిదీ ఇలాంటి వాలే కదా, ఇంకా చిన్నది కూడా.

పాతలేతు:

మొదటి దానికి నేను చెబుతాను. కత్తెర జాకీలో మర సాగే బలంలో ఉంటుంది. బండి బరువు చేతులను పక్కలకు తెరవాలని చూస్తుంది, మర వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. చేతులు నేలతో 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు 5,000 న్యూటన్ల బరువుకు మర మీద పడే లాగుడు కూడా 5,000. అదే చేతులు బాగా పడుకుని 15 డిగ్రీల్లో ఉంటే లాగుడు దాదాపు 18,700. అందుకే మొదట్లో ప్రాణం పోతుంది, పైకి వెళ్లేకొద్దీ హాయిగా ఉంటుంది. మొదటి చుట్లలోనే బండి బరువు పూర్తిగా పడకపోవడం ఒక్కటే అదృష్టం, స్ప్రింగులు సాగేదాకా కొంత బరువు టైరే మోస్తుంది.

పట్టు విషయంలో మాత్రం తేడా లేదు. లాగుడు 5,000 అయినా 18,700 అయినా ఘర్షణ దానితోపాటే పెరుగుతుంది. ఏ ఎత్తులో ఆపినా ఆగడానికి కారణం అదే. హ్యాండిల్ తగిలించే చివర, మర తల ఒక వాషర్‌కో బేరింగుకో ఆని తిరుగుతుంది చూడండి. వాషర్ అయితే అక్కడి ఘర్షణ కూడా పట్టుకు కలిసొస్తుంది, చేతికి మాత్రం బరువు. బేరింగు అయితే చేతికి తేలిక, పట్టంతా మర మీదే. నేను పైన వేసిన లెక్కలో ఆ ఘర్షణను కలపలేదు.

అదురు గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

సర్వోమోటారు:

పిలిచినట్టే ఉంది, వచ్చాను. యంత్రాల కదలికలు నా పని.

ఘర్షణ ఎప్పుడూ జారుతున్న దిశకు ఎదురుగా పనిచేస్తుంది. అందరికీ తెలిసిన మాటే, కానీ దాని పర్యవసానం చాలామంది పట్టించుకోరు. బిగించిన నట్టును పక్కకు, అంటే బోల్టుకు అడ్డంగా అటూ ఇటూ కదిలిస్తే మరల మధ్య ఉపరితలాలు అడ్డంగా జారతాయి. ఆ క్షణంలో ఉన్న ఘర్షణ అంతా ఆ అడ్డ జారుడును ఎదుర్కోవడానికే ఖర్చవుతుంది. వాలు కిందికి దిగకుండా ఆపడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. బిగింపు బలం వాలు మీద ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంది కదా, దొరికిన సందులో వెంట్రుకవాసి తిరుగుతుంది. అలా వేలసార్లు జరిగితే నట్టు చేతికి ఊడి వస్తుంది. నిలువు కుదుపుల కంటే ఈ అడ్డ కదలికే నట్లను విప్పుతుందని జర్మన్ ఇంజనీరు యుంకర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. అడ్డంగా కదిలిస్తూ బిగింపు ఎంత తగ్గిందో కొలిచే ఆ పరీక్షకు ఇప్పటికీ ఆయన పేరే.

జాకీకీ ఇదే వర్తిస్తుంది. బండిని జాకీ మీద ఉంచి ఇంజను నడపడం, బిగుసుకున్న చక్రం నట్టును ఎగిరెగిరి తన్నడం, తలుపులు దడాలున వేయడం మంచిది కాదు. మర జారకముందే జాకీ ఒరిగిపోయే అవకాశం ఎక్కువ, అది వేరే సంగతి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలని చెప్పేది ఇందుకే.

పాతలేతు గారు చెప్పిన కోణం కథకు నా పనిలోంచి ఒక ఎదురు ఉదాహరణ ఇస్తాను. నేను కట్టుకున్న చిన్న మిల్లింగ్ యంత్రంలో నిలువు అక్షానికి బాల్ స్క్రూ వేశాను. వ్యాసం 16 మి.మీ., ఒక చుట్టుకు 5 మి.మీ. కదులుతుంది. వాలు సుమారు 0.1, కోణం 5.7 డిగ్రీలు, జాకీ మరకు దగ్గరదగ్గరే. అయినా మోటారుకు కరెంటు తీస్తే స్పిండిల్ తల తన బరువుకు తానే మరను తిప్పుకుంటూ సాఫీగా కిందికి దిగుతుంది. ఎందుకంటే అక్కడ మర, నట్టు ఒకదాన్నొకటి రాసుకోవు, మధ్యలో ఉక్కు గుండ్లు దొర్లుతాయి. దక్షత నూటికి 90 వంతులకు పైనే. కరెంటు పోతే బిగుసుకునే బ్రేకు ఉన్న మోటారును దానికోసమే ఎంచుకున్నాను. మర నిలుస్తుందా లేదా అన్నది కోణం చూసి మాత్రమే చెప్పలేమని ఈ ఉదాహరణ. కోణం, ఘర్షణ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

నట్‌బోల్టు:

ఒప్పుకున్నాను, లాభం వల్ల కాదు. మరి పిచ్ అంతే ఉంచి రెండు, మూడు స్టార్టుల మర, అంటే ఒకే కడ్డీ చుట్టూ పక్కపక్కనే రెండు, మూడు గాళ్లు చుట్టుకునే మర వేస్తే? జాకీ త్వరగా లేస్తుంది కదా. ఎవరూ ఎందుకు చేయరు?

పాతలేతు:

చేస్తారు, జాకీలకు కాదు. పై 24 మి.మీ. మరనే రెండు స్టార్టులతో కోస్తే చుట్టుకు 10 మి.మీ. లేస్తుంది, వాలు 0.148. ఘర్షణ 0.155. కాగితం మీద నిలిచింది. కానీ ఆ కాస్త తేడాను నేను నమ్మను. కదలడం మొదలయ్యాక ఘర్షణ నిలకడగా ఉన్నప్పటి కంటే తగ్గుతుంది, ఇలాంటి మర ఆగి ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, దించడం మొదలుపెట్టగానే చేతిలోంచి హ్యాండిల్ లాక్కుని పరుగెత్తవచ్చు. మూడు స్టార్టులైతే వాలు 0.222, సందేహమే లేదు, జారుతుంది.

జారడమే కావలసిన చోట్లు కూడా ఉన్నాయి. ఫ్లై ప్రెస్ చూడండి. పైన చేతికి బరువైన గుండు, మధ్యలో నిటారు వాలున్న బహుళ స్టార్టుల మర. గుండును విసిరినట్టు తిప్పితే మర ఒక్క ఊపులో దిగి రేకు మీద దెబ్బ వేస్తుంది, దెబ్బ పడగానే ఎదురుతన్ను దాన్ని వెనక్కి తిప్పుతుంది. అక్కడ జాకీ మర పెడితే దెబ్బ దగ్గరే బిగుసుకు కూర్చుంటుంది. బెంచి వైస్‌కు బిగుసుకు కూర్చోవడమే కావాలి కాబట్టి అక్కడ ఒకే స్టార్టు.

ప్రశ్నార్థకం గారికి ఇంకొక్క మాట, దీన్ని ఎవరూ అడగలేదు. మర అరిగినా వాలు కోణం మారదు. అంటే అరిగిన నట్టు కూడా కొత్తదానిలాగే బరువును పట్టుకుంటుంది, కొంచెమైనా జారదు. లోహం మరీ పలుచబడి మరలు ఒక్కసారిగా తెగిపోయేదాకా చేతికి ఏ తేడా తెలియదు. సీలు పాడైన హైడ్రాలిక్ జాకీ మెల్లగా దిగుతూ ముందే చెప్పేస్తుంది. మర జాకీకి ఆ గుణం లేదు. అందుకే గ్యారేజీల్లో కార్లను ఎత్తే మర లిఫ్టుల్లో బరువు మోసే కంచు నట్టు కింద ఇంకో నట్టు ఉంటుంది. అది ఏ బరువూ మోయకుండా కొద్ది ఎడంతో వెంట తిరుగుతూ ఉంటుంది. పై నట్టు అరిగేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది. కొలిచి చూస్తే పై నట్టులో ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది, అది తెగితే కిందిది ఆపుకుంటుంది.

డిక్కీ జాకీకి అలాంటి రెండో నట్టు ఉండదు. దాన్ని బరువు లేకుండా చేతిలో పట్టుకుని, మరను తిప్పకుండా పొడవునా ముందుకీ వెనక్కీ లాగి చూడండి. కొత్తదానిలో కూడా కొద్దిగా ఆట, అంటే వదులు, ఉంటుంది. పిచ్ 3 మి.మీ. ఉన్న మరకు ఆ ఆట 1 మి.మీ. దగ్గరకు వచ్చిందంటే, నేనైతే ఆ జాకీని పక్కన పడేస్తాను. బాగున్న జాకీ అయినా బండి కిందికి దూరాల్సి వస్తే స్టాండ్లు పెట్టాకే దూరండి.

ప్రశ్నార్థకం:

ఇప్పుడే లాగి చూశాను. కదులుతున్నట్టు చేతికి తెలుస్తోంది కానీ కంటికి ఆనడం లేదు, అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. మరల సందుల్లో మాత్రం గట్టిపడిన పాత గ్రీజు, ఇసుక కలిసి ఉన్నాయి. కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు రాస్తున్నాను.

పాతలేతు:

ఆ ఇసుకే నట్టును తినేది. కడిగాక మరను ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా నడిపించి, బయటికి వచ్చిన మురికి తుడిచి, అప్పుడు రాయండి. తల దగ్గరి వాషర్‌కు కూడా.